రాజధానిలో అర్జీ విద్య

2024 ఆగస్టు చివరి రోజులలో దేశంలోని పత్రికలలో ఒక ప్రకటన వెలువడింది. వక్ఫ్ సవరణ బిల్లును పరిశీలిస్తున్న సంయుక్త పార్లమెంటరీ సంఘం ఆ బిల్లుపై ప్రజల నుండి, సంస్థల నుండి, నిపుణుల నుండి సలహాలను కోరుతున్నదని దాని సారాంశం. గడువు 15 రోజులు. రాయవలసిన భాష ఇంగ్లీషు గాని, హిందీ గాని. 2025 జనవరి 30న సంఘం తన నివేదికను స్పీకరుకు అందజేసేనాటికి దానికి చేరిన విజ్ఞాపనలు దాదాపు 97 లక్షలని లెక్క తేలింది.

సంఘంలోని సభ్యులు 31 మంది. ఒక్కొక్క విజ్ఞాపనను ఒక్క నిమిషంలో చదివి పక్కన పెట్టినా, 31 మందీ రోజుకు 8 గంటలు మరో పని లేకుండా కూర్చున్నా, అన్నీ పూర్తి కావడానికి 650 రోజులు పడుతుంది. ఒకే నమూనా మీద పేరు చేర్చి పంపించే ఉద్యమాలు బిల్లును వ్యతిరేకించేవారిలోను సాగాయి, సమర్థించేవారిలోను సాగాయి. అటువంటి నమూనాలు ఎన్ని వేలు వచ్చినా అవి తెలిపేది ఒకే విషయం: ఇంతమంది దీనికి అనుకూలురు, ఇంతమంది ప్రతికూలురు. ఆ సంగతి తెలపడం కూడా అవసరమే. కాని బిల్లులోని ఏ ఉపవాక్యం ఏ ఆస్తికి ఏ విధంగా వర్తిస్తుంది, దానికి బదులు ఏ మాట ఉండాలి అన్నది నమూనా కాగితం చెప్పలేదు. సంఘం ముందు చర్చ జరిగేది మాత్రం సరిగ్గా ఆ విషయం మీదనే.

అలా చెప్పగలగడం ఒక విద్య. కొందరు దానిని పుట్టుకతో వచ్చే వాక్చాతుర్యంగా భావిస్తారు. మరికొందరు పెద్దల పరిచయాలతో జరిగే వ్యవహారంగా భావిస్తారు. రెండూ పొరపాటే. వడ్రంగం వలె, వైద్యం వలె అది పని జరిగే చోట, పని తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోవలసిన విద్య. మన దేశంలో ఆ పని జరిగే చోటు ప్రధానంగా ఢిల్లీ.

తెలుగులో పైరవీ అనే మాట ఉంది, వకాల్తా అనే మాట కూడా ఉంది. ఈ రెండింటికీ గల భేదాన్ని మొదటే గ్రహించాలి. పైరవీ తలుపు మూసుకొని జరుగుతుంది. ఒకరి పని ఒకరికి జరిగితే చాలు, నియమం మారవలసిన అవసరం లేదు. వకాల్తా పుచ్చుకున్నవాడు బహిరంగంగా మాట్లాడతాడు, కాగితం మీద సంతకం పెడతాడు, ఎదుటి పక్షం అడిగే ప్రశ్నకు సమాధానం చెబుతాడు. అతడు కోరేది ఒక వ్యక్తికి మినహాయింపు కాదు, అందరికీ వర్తించే నియమంలో మార్పు. ప్రభుత్వ విధానాల విషయంలో ఈ రెండవ పనిని క్రమంగా నేర్పే ఏర్పాట్లు మన దేశంలో ఆలస్యంగానే వచ్చాయి.

1976లో పార్లమెంటు తనకోసం ఒక అధ్యయన, శిక్షణ విభాగాన్ని నెలకొల్పుకున్నది. అది ముఖ్యంగా చట్టసభల సభ్యులకు, అధికారులకు ఉద్దేశించినది. బయటి యువకులకు ద్వారం తెరిచిన వాటిలో ఎన్నదగినది 2010లో ఆరంభమైన ఒక పథకం. 2005 నుండి చట్టసభల పనిని గూర్చి పరిశోధనలు చేస్తున్న పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ దీనిని నడుపుతున్నది. లాంప్ అనే పొట్టి పేరుతో పిలువబడే ఈ పథకంలో ఎంపికైన పట్టభద్రులు ఒక్కొక్కరూ ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని వద్ద సహాయకులుగా చేరి, వర్షాకాల సమావేశాల నుండి బడ్జెట్ సమావేశాలు ముగిసేవరకు పనిచేస్తారు. సభ్యుడు ఏ పార్టీవాడైనా కావచ్చు. యువకుడు చదివినది చట్టమే కానక్కరలేదు, ఇంజనీరింగైనా వైద్యమైనా సరే.

ఇట్టి సహాయకుని అవసరం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే సభ్యుని కార్యాలయాన్ని చూడాలి. అమెరికాలో ప్రతినిధుల సభ సభ్యుడు 18 మంది వరకు శాశ్వత సిబ్బందిని నియమించుకోవచ్చు. వారిలో చట్టాల పని చూసేవారు వేరు, నియోజకవర్గం పని చూసేవారు వేరు. మన సభ్యుని వద్ద ఉండేది సాధారణంగా ఒక కార్యదర్శి, ఒకరిద్దరు గుమాస్తాలు. వారి కాలమంతా సిఫారసు లేఖలకు, రైలు టిక్కెట్లకు, పెళ్లి పిలుపులకు సరిపోతుంది. రేపు సభలోకి రాబోయే 80 పేజీల బిల్లును ఎవరు చదవాలి? ఆ ఖాళీలోనే చదివి సారం చెప్పగల యువకునికి విలువ. బయటి నుండి అర్జీ తెచ్చేవాడు కూడా ఈ ఖాళీని గుర్తు పెట్టుకోవాలి. అతని కాగితం ఆ సభ్యుని పనిని తగ్గించేదిగా ఉంటే చదవబడుతుంది, పెంచేదిగా ఉంటే దొంతరలో కలిసిపోతుంది.

రాజధానిలో మొదట నేర్చుకునే పాఠం ఏ తలుపు తట్టాలన్నది. తమ ఊరి ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ లేదని ఒక ప్రతినిధి వర్గం చందాలు వేసుకొని ఢిల్లీ వచ్చిందనుకుందాం. శ్మశానాలు, ఖబరస్తాన్‌ల విషయం రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలులో రాష్ట్ర జాబితాకు చెందినది, 10వ అంశం. వక్ఫ్ వంటి ధర్మాదాయాలు ఉమ్మడి జాబితాలో 28వ అంశం. విద్య 1976లో 42వ సవరణ ద్వారా ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. ఈ మూడు ముక్కలు తెలిసి ఉంటే ఆ ప్రతినిధి వర్గం రైలు ఎక్కకుండా తమ జిల్లా కలెక్టరు వద్దకు, తమ రాష్ట్ర సచివాలయానికి వెళ్లి ఉండేది. ఢిల్లీలో ఎవరో ఒక పెద్దమనిషి వారి కాగితం తీసుకొని, ఫొటో దిగి, పైకి పంపుతానని చెబుతాడు. ఆ కాగితం మళ్లీ రాష్ట్రానికే వస్తుంది. పోయిన నెలలు మాత్రం రావు.

రెండవ పాఠం కాలం. కేంద్ర బడ్జెట్ 2017 నుండి ఫిబ్రవరి 1వ తేదీన ప్రవేశపెట్టబడుతున్నది. ఒక స్కాలర్‌షిప్ పథకానికి నిధులు పెంచమని జనవరి నెలాఖరులో మంత్రిని కలిసేవారు చాలామంది. అప్పటికి పుస్తకాలు అచ్చుకు వెళ్లిపోయి ఉంటాయి. శాఖలు తమ అంచనాలను అంతకు ముందు శరదృతువులోనే తయారు చేసుకుంటాయి. అంటే మాట్లాడవలసినది అప్పుడు. బడ్జెట్ వచ్చిన తర్వాత కూడా ఒక అవకాశం ఉంది: సమావేశాల నడుమ విరామంలో స్థాయీ సంఘాలు ఒక్కొక్క శాఖ కోరిన గ్రాంట్లను పరిశీలిస్తాయి. కిందటి ఏడు కేటాయించిన దానిలో ఎంత ఖర్చయింది, ఎంత మిగిలిపోయింది అని అడిగేది అక్కడే. పత్రికలు ఈ సంఘాల నివేదికలకు ఇచ్చే చోటు చాలా తక్కువ, కాని సభలోని ఉపన్యాసాల కంటె వీటిలో సరుకు ఎక్కువ.

ఈ స్థాయీ సంఘాలు 1993లో 17తో ఏర్పడి, 2004లో 24 అయ్యాయి. ఒక్కొక్క దానిలో 31 మంది: లోక్‌సభ నుండి 21, రాజ్యసభ నుండి 10. మంత్రులు వీటిలో సభ్యులుగా ఉండరు. సమావేశాలు రహస్యంగా జరుగుతాయి గనుక సభ్యులు కెమెరాల కోసం మాట్లాడనవసరం లేదు. వేరు వేరు పార్టీలవారు ఒక మాట మీదకు రావడం ఇక్కడ తరచు కనబడుతుంది. బయటివారిని పిలిచి సాక్ష్యం తీసుకునే అధికారం కూడా వీటికి ఉంది. కనుక రాజధానిలో శిక్షణ పొందేవాడు ఈ సంఘానికి విజ్ఞాపన రాయడాన్ని ప్రధానంగా అభ్యసించాలి. విచారకరమైన విషయమేమంటే 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లగా, 2019లో ఏర్పడిన 17వ లోక్‌సభ కాలంలో ఆ సంఖ్య 16 శాతానికి పడిపోయింది. తలుపు ఉన్నది గాని ఎక్కువసార్లు మూసి ఉంటున్నది.

మంచి విజ్ఞాపన ఎట్లా ఉంటుంది? మొదటి పేరాలోనే రాసినవారెవరో, వారికి ఈ విషయంతో ఏమి సంబంధమో ఉంటుంది. తర్వాత బిల్లులోని ఉపవాక్యం సంఖ్య, దానిలోని మాటలు, ఆ మాటల వల్ల కలిగే ఫలితం, ఆ ఫలితానికి నిదర్శనం, బదులుగా ఉండవలసిన మాటలు వరుసగా వస్తాయి. అన్నీ కలిపి నాలుగైదు పేజీలు మించకపోవడం మంచిది. వక్ఫ్ బిల్లునే ఉదాహరణగా తీసుకుందాం. దస్తావేజు లేకున్నా తరతరాల వాడుకను బట్టి వక్ఫ్‌గా గుర్తింపు పొందే పద్ధతిని మూల బిల్లు తొలగించింది. ఇది అన్యాయమని మాత్రమే రాస్తే అది అభిప్రాయం. ఫలానా మండలంలోని ఫలానా మసీదు, ఫలానా సర్వే నంబరు, ఫలానా సంవత్సరపు గెజిటులో నమోదు, దస్తావేజు లేదు, ఈ ఉపవాక్యం అమలైతే దాని స్థితి ఇది అని రాస్తే అది సాక్ష్యం. బిల్లు మొత్తాన్ని వ్యతిరేకించేవారికి కూడా ఇది అడ్డు కాదు. బిల్లును ఉపసంహరించాలన్నది మా మొదటి కోరిక, ఒకవేళ ఆమోదించే పక్షంలో ఫలానా ఉపవాక్యాన్ని ఇట్లా మార్చాలన్నది రెండవ కోరిక అని కోర్టు దావాలలో రాసినట్లే రాయవచ్చు. సంఘం పరిశీలన తర్వాత ఈ ఉపవాక్యం కొంత మారింది. చట్టం అమలులోకి రాకముందే నమోదైన వాడుక వక్ఫ్‌లు, వివాదంలో ఉన్నవి లేక ప్రభుత్వ భూమి అని చెప్పబడినవి తప్ప, కొనసాగుతాయని చేర్చారు.

అయితే ఇక్కడ ఆశను అతిగా పెంచుకోకూడదు. అదే సంఘంలో ప్రతిపక్ష సభ్యులు ఇచ్చిన సవరణలన్నీ ఓటింగులో వీగిపోయాయి. 2025 ఏప్రిల్ మొదటి వారంలో ఉభయసభలూ బిల్లును ఆమోదించాయి. చక్కగా రాసిన కాగితం సంఖ్యాబలాన్ని ఓడించలేదు. కాని అది రికార్డులో నిలుస్తుంది; అసమ్మతి పత్రంలో చేరుతుంది; వ్యవహారం న్యాయస్థానానికి వెళ్లినప్పుడు ముందుగా సిద్ధమై ఉన్న వాదన అవుతుంది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో చట్టం మొత్తాన్ని నిలుపుదల చేయలేదు. ఐదేండ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలన్న నిబంధన వంటి కొన్నింటిని మాత్రమే నిలిపింది. అంటే కోర్టు కూడా ఉపవాక్యం తర్వాత ఉపవాక్యంగానే చూసింది.

సభలో ప్రశ్న వేయించడం మరొక సాధనం. లోక్‌సభలో రోజుకు 20 వరకు ప్రశ్నలు మంత్రులు నోటితో జవాబు చెప్పడానికి జాబితాలో ఉంటాయి. 230 వరకు ప్రశ్నలకు లిఖితంగా జవాబు వస్తుంది. పైకి చప్పగా కనిపించే ఈ లిఖిత జవాబులలోనే ఒక్కొక్కసారి పెద్ద వార్త దాగి ఉంటుంది. మైనారిటీ వర్గాల పరిశోధక విద్యార్థులకు 2009 నుండి ఇస్తూ వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసిన సంగతి 2022 డిసెంబరు 8న లోక్‌సభలో ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబు ద్వారానే వెల్లడయింది. ఇతర పథకాలతో అది కలగాపులగం అవుతున్నదని మంత్రి కారణం చెప్పారు. ప్రశ్న వేసేవారికి నేర్పు ఉండాలి. ప్రభుత్వం మైనారిటీల విద్యకు ఏమి చేస్తున్నది అని అడిగితే పథకాల పేర్ల పట్టిక వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఫలానా సంవత్సరం ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎంత సొమ్ము జమ అయింది అని అడిగితే అంకెలు వస్తాయి. అంకె చేతికి వస్తే వకాల్తాకు కాళ్లు వచ్చినట్లే.

అంకె బలమేమిటో సచార్ కమిటీ చూపించింది. 2005 మార్చిలో నియమితమై 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన ఆ కమిటీకి ముందు ముస్లిముల వెనుకబాటును గూర్చి ఉపన్యాసాలకు కొదువ లేదు. జనాభాలో 13.4 శాతం ఉన్నవారు ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం మాత్రమే ఉన్నారని లెక్క వచ్చిన తర్వాత ఆ చర్చ స్వరూపమే మారింది. నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, వాటి విలువ మార్కెట్ ధరల ప్రకారం 1.2 లక్షల కోట్ల రూపాయలు. ఏడాది రాబడి 163 కోట్లు. ఈ మూడు అంకెలు ప్రభుత్వాన్ని ఎంత ప్రశ్నిస్తాయో వక్ఫ్ నిర్వాహకులను కూడా అంతే ప్రశ్నిస్తాయి. తనవారికి ఇబ్బంది కలిగించే అంకెను దాచిపెట్టి మాట్లాడేవాని మాట రెండవసారి ఎవరూ వినరు. ఢిల్లీలో ఇది త్వరగా అనుభవానికి వస్తుంది.

లెక్క లేకుండా పోతే ఏమవుతుందో తెలుగువారికి తెలియనిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ముస్లిములకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంతో హైకోర్టు ఆ ఏడే దానిని కొట్టివేసింది. 2005లో మళ్లీ ప్రయత్నం, మళ్లీ కొట్టివేత. 2007లో విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం తర్వాత మొత్తం మతానికి కాక, వెనుకబడిన వర్గాలను పేరుపేరునా గుర్తించి 4 శాతంగా చట్టం చేశారు. దానిని కూడా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చి, అంశాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. దూదేకుల, మెహతర్ వంటి కులాలకు అంతకు ముందు నుండే బి.సి. జాబితాలో చోటు ఉన్నదని గుర్తుచేసుకుంటే, వర్గం వారీగా చూపించే పద్ధతి కొత్తదేమీ కాదని తెలుస్తుంది. మొదటే ఆ దారిన పోయి ఉంటే మూడేళ్లు ప్రవేశాల సమయంలో విద్యార్థులు పడిన అయోమయం తప్పి ఉండేది.

ప్రభుత్వం తానుగా ఇవ్వని సమాచారాన్ని రాబట్టడానికి సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. ఈ చట్టం పుట్టిన తీరే ఒక పాఠ్యగ్రంథం. రాజస్థాన్ పల్లెలలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ కరువు పనుల కూలి లెక్కలను 1994 నుండి బహిరంగ సభలలో చదివి వినిపించింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజుల ధర్నా జరిగింది. అదే ఏడు ఢిల్లీలో న్యాయమూర్తి పి.బి. సావంత్ అధ్యక్షతన ప్రెస్ కౌన్సిల్ ఒక ముసాయిదా బిల్లును తయారు చేసింది. 2002లో వచ్చిన చట్టం బలహీనమైనది, అది అమలులోకే రాలేదు. 2005లో నేటి చట్టం వచ్చింది. బ్యావర్ వీధిలో కూర్చున్న కూలీలు లేకపోతే ముసాయిదాకు ప్రాణం లేదు. ముసాయిదా లేకపోతే కూలీల కోరిక నినాదంగానే మిగిలేది. జంతర్ మంతర్ వద్ద ధర్నా చేసేవారిని చూసి కాగితాల పనివారు నవ్వడం, కాగితాల పనివారిని చూసి ధర్నావారు నవ్వడం రాజధానిలో మామూలే. ఇద్దరూ ఒకే కర్రకు రెండు కొనలు.

ప్రైవేటు సభ్యుల బిల్లును గూర్చి కూడా చెప్పుకోవాలి. మంత్రి కాని సభ్యుడెవరైనా బిల్లు ప్రవేశపెట్టవచ్చు. శుక్రవారం మధ్యాహ్నం వాటికి కేటాయించబడింది. స్వాతంత్ర్యం తర్వాత ఇట్లా వచ్చి చట్టాలైనవి మొత్తం 14. చివరిది 1970లో. మరి మొట్టమొదటిది ఏది? సయ్యద్ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ అనే లోక్‌సభ సభ్యుడు ప్రవేశపెట్టిన 1952 నాటి ముస్లిం వక్ఫ్‌ల బిల్లు. అదే 1954 వక్ఫ్ చట్టమయింది. 1995లో మరొక చట్టం దాని స్థానంలోకి వచ్చేవరకు వక్ఫ్ బోర్డులు ప్రధానంగా దాని ఆధారంగానే నడిచాయి. మంత్రి పదవి లేని ఒక సభ్యుడు ఆరంభించిన పని నలభై యేళ్లు నిలిచింది. ఇప్పుడు ఈ బిల్లులు చట్టాలు కావడం లేదు గాని, ఒక ఆలోచనను చట్టభాషలోకి తెచ్చి సభ ముందు పెట్టడానికి ఇవి ఉపయోగపడుతున్నాయి. శిక్షణ పొందేవారికి ముసాయిదా రాయడం నేర్చుకోవడానికి ఇంతకంటె మంచి పలక లేదు.

ఇట్లాంటి చదువు అమెరికాలో ముందే మొదలయింది. వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీ 1947లోనే ఇతర కళాశాలల విద్యార్థులను ఒక అర్ధ సంవత్సరం రాజధానికి రప్పించి, ప్రభుత్వం పని దగ్గర నుండి చూపించే పాఠ్యక్రమాన్ని ఆరంభించింది. అక్కడ డబ్బు తీసుకొని చట్టసభ సభ్యులను కలిసేవారు తమ పేరు, ఎవరి పక్షాన వచ్చారో ఆ వివరం నమోదు చేసుకోవాలని 1995 నాటి చట్టం చెబుతుంది. మనకు అట్టి చట్టం లేదు. అందుచేత కూడా పైరవీకి, వకాల్తాకు మధ్య గీత మన దగ్గర మసకగా ఉంటున్నది.

ఒక ఏడాది రాజధానిలో గడపడం అందరికీ సాధ్యం కాదు. ఇంటి అద్దె, చలికాలపు దుస్తులు, హిందీ రాని ఇబ్బంది, అన్నం కోసం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ ముందు వరుసలో నిలబడడం అన్నీ ఉంటాయి. ఆడపిల్లల తల్లిదండ్రులకు వసతిని గూర్చిన చింత ఉండడం సహజం. కాని రెండు తెలుగు రాష్ట్రాల నుండి లోక్‌సభకు 42 మంది, రాజ్యసభకు 18 మంది, మొత్తం 60 మంది సభ్యులు ఉన్నారు. సమావేశాలు లేని రోజులలో వారు తమ నియోజకవర్గాలలోనే ఉంటారు. ఢిల్లీలో నేర్చుకొని వచ్చిన ఒక్కరు జిల్లాకు ఉంటే మిగిలినవారికి ఆ పని కడపలోనో కరీంనగర్‌లోనో కూర్చుని నేర్పవచ్చు. బిల్లును సభకు తెచ్చే ముందు 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014 ఫిబ్రవరిలో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. అది చట్టం కాదు గనుక చాలాసార్లు పాటించబడదు. పాటించినప్పుడు మాత్రం ఆ ముసాయిదాను తెరిచి చదివేవారు మన జిల్లాలలో ఎందరున్నారన్నది ప్రశ్న.

భాష సంగతి ఒకటి మిగిలింది. తన బాధను చెప్పుకునే అర్జీని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని, ఎక్కడ ఇచ్చేదైతే అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు ప్రతివారికీ ఉందని రాజ్యాంగం 350వ అధికరణంలో చెప్పింది. కాని పార్లమెంటరీ సంఘాల ప్రకటనలు ఇంగ్లీషు, హిందీ ప్రతులనే అడుగుతాయి. పల్లెలో ఒక మసీదు ముతవల్లి దగ్గర పాత గెజిటు కాగితం ఉంటుంది, శిస్తు రసీదులు ఉంటాయి, తాత చెప్పిన సంగతులు ఉంటాయి. అతనికి వచ్చినది తెలుగు, కొంత ఉర్దూ. 2024లో ఇచ్చిన 15 రోజులలో అతని రసీదును ఉపవాక్యం సంఖ్యతో జతపరచి, రెండు ప్రతులు తీసి, పోస్టులో వేయగలవారు ఆ మండలంలో ఒక్కరు ఉన్నా, ఆ రసీదు కూడా సంఘం రికార్డులోకి వెళ్లి ఉండేది.